నలుపు-తెలుపు ఇంక్‌జెట్ ప్రింటు: టోన్‌ను విమర్శించడం ఎలా?

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- నలుపు-తెలుపు ప్రింటులో కనిపించే రంగు ఛాయ కావాలని వేసినదా, తెలియక వచ్చినదా చెప్పగలుగుతారు.
- కాగితం వల్ల వచ్చే పరిమితికీ, క్యాలిబ్రేషన్ లేకపోవడం వల్ల వచ్చే లోపానికీ తేడా గుర్తించగలుగుతారు.
- ఒక ప్రింటు మీద కారణాలు చూపిస్తూ విమర్శ రాయగలుగుతారు.

1. పరిచయం

మీ ఇంట్లో నలుపు-తెలుపు ఫోటో ఒకటైనా ఉంటుంది. దాన్ని ఒకసారి పగటిపూట కిటికీ దగ్గర పెట్టి చూడండి. రాత్రి ట్యూబ్‌లైటు కింద మళ్ళీ చూడండి. అది నిజంగా నలుపు-తెలుపేనా? కొంచెం గోధుమ రంగో, నీలమో, ఆకుపచ్చో కనిపిస్తుంది. ఆ ఛాయనే టోన్ అంటాం. ఏ ఛాయా లేని ప్రింటు అరుదు. కాగితం తెలుపులోనే ఒక రంగు ఉంటుంది, ఇంకు నలుపులో ఇంకొకటి ఉంటుంది.

మన ఫోటో ప్రదర్శనల మీద వచ్చే సమీక్షలు చదివితే ఒక విషయం తెలుస్తుంది. కూర్పు బాగుందంటారు, వెలుగు బాగుందంటారు, మంచి క్షణం దొరికిందంటారు. కాగితం గురించి, ఇంకు గురించి, టోన్ గురించి చాలాసార్లు ఒక్క మాటా ఉండదు. కానీ గోడ మీద మనం చూసేది ప్రింటునే. ఆ ప్రింటు ఫోటోగ్రాఫర్ ఉద్దేశాన్ని నిలబెట్టవచ్చు, దానికి ఎదురు తిరగనూ వచ్చు.

ఈ పాఠంలో మూడు ఫోటోలు చూద్దాం. ఒకటి కొల్లేరులో తీసినది. రెండోది తాడేపల్లిగూడెం దగ్గర తీసినది. మూడోది ఏలూరులో ఒక ఇంటి గోడ మీద ఉన్నది. మూడింటినీ ఒకే ప్రశ్న అడుగుదాం: ఈ టోన్ ఒకరు తీసుకున్న నిర్ణయమా, లేక యంత్రం చేసిన పనా?

2. టోనింగ్: అప్పుడు దేనికి, ఇప్పుడు దేనికి

టోనింగ్ అనే మాట డార్క్‌రూమ్ నుంచి వచ్చింది. అక్కడ అది అలంకారం మాత్రమే కాదు. పాత నలుపు-తెలుపు ప్రింటులో బొమ్మను మోసేది వెండి. గాలిలోని మలినాలకు వెండి చెడిపోతుంది. సల్ఫైడ్‌తో టోనింగ్ చేస్తే ఆ వెండి సిల్వర్ సల్ఫైడ్‌గా మారి గోధుమ రంగు వస్తుంది. మనం సెపియా అనేది ఆ రంగునే. ఆ సమ్మేళనం మామూలు వెండి కంటే స్థిరమైనది. సెలీనియం టోనింగూ, బంగారంతో చేసే టోనింగూ ఇదే రకం మేలు చేస్తాయి. అంటే రంగు మారడం, ఆయుష్షు పెరగడం రెండూ ఒకే పనిలో జరిగేవి.

మనకు దగ్గరి ఉదాహరణ రాజా దీన్ దయాళ్. 1844లో సర్ధనాలో పుట్టిన ఆయన, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై హైదరాబాదు, సికింద్రాబాదులతో ముడిపడ్డారు. 1905లో కన్నుమూశారు. ఆయన కాలంలో వాడుకలో ఉన్న ప్రధానమైన కాగితం అల్బుమెన్. గుడ్డు తెల్లసొన పూసి తయారుచేసే కాగితం అది. టోనింగ్ లేకపోతే దాని మీద బొమ్మ ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది. బంగారంతో టోన్ చేస్తే ఊదా కలిసిన గోధుమ రంగుకు చల్లబడుతుంది. కాలం గడిచేకొద్దీ తెల్లసొన పసుపెక్కుతుంది, లేత భాగాలు వెలిసిపోతాయి.

ఈ చివరి మాట గుర్తుంచుకోండి. 'పాత ఫోటో రంగు' అని మనం ముచ్చటపడే పసుపు గోధుమ ఛాయలో కొంత భాగం కళాకారుడు కోరుకున్నది కాదు. అది కాగితానికి వచ్చిన జబ్బు. కంప్యూటర్‌లో సెపియా మీట నొక్కినప్పుడు చాలాసార్లు మనం నకలు చేస్తున్నది ఆ జబ్బునే.

ఇంక్‌జెట్‌లో లెక్క తిరగబడింది. నలుపు పిగ్మెంటు ఇంకులో ఉండేది ఎక్కువగా కార్బన్, అంటే ఒక రకం మసి. ప్రింటర్ ఇంకులలో ఇది అన్నింటికంటే స్థిరమైనది. దానికి సెపియా ఛాయ ఇవ్వాలంటే పసుపు, మెజెంటా, సయాన్ ఇంకులు కలపాలి. ఇవి కార్బన్ అంత నిలకడైనవి కావు, పైగా ఒక్కొక్కటి ఒక్కో వేగంతో వెలుస్తుంది. డార్క్‌రూమ్‌లో టోనింగ్ ఫోటోకు ఆయుష్షు పోసేది. ఇంక్‌జెట్‌లో రంగు ఇంకులతో చేసే టోనింగ్ ఎంత ఎక్కువైతే ప్రింటు అంత బలహీనపడుతుంది. కనుక ఇంక్‌జెట్ ప్రింటులో టోన్ కనిపిస్తే, దానికి చెల్లించిన ధరకు తగిన ఫలితం ఉందా అని అడగడం విమర్శకుడి బాధ్యత.

3. కొల్లేరు తెల్లవారుజాము: సెపియా ఏం చెబుతోంది?

మొదటి ఫోటో కైకలూరు దగ్గర ఆటపాకలో, చలికాలం పొద్దున తీసినది. మంచు ఇంకా లేవలేదు. నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత కనిపించదు. ఎడమవైపు గూడబాతులు, కుడివైపు తాటిదోనె మీద గెడ పట్టుకుని నిలబడిన మనిషి, ముందు గుర్రపుడెక్క. ఒకే ఫైలు నుంచి తీసిన రెండు ప్రింట్లు మన ముందున్నాయనుకోండి.

మొదటిది మామూలు గ్లాసీ ఫోటో కాగితం మీద, సెపియా ఛాయతో వేసినది. దూరం నుంచి చూస్తే ఆకర్షణగానే ఉంటుంది. దగ్గరికి వెళ్ళండి. సెపియా ప్రింటు అంతటా ఒకే మోతాదులో పరుచుకుంది. కాగితం తెలుపు ఎక్కడా మిగలలేదు. మంచు మీగడ రంగుకు వచ్చింది, పక్షులూ మీగడ రంగుకే వచ్చాయి. గూడబాతు పూర్తిగా తెల్లని పక్షి కాదు. దాని తెలుపులో బూడిద ఛాయ ఉంటుంది. మంచు నుంచి ఆ పక్షిని విడదీసి చూపించేది ఆ కొద్దిపాటి బూడిదే. ఈ ప్రింటులో ఆ తేడా మునిగిపోయింది. పక్షులు ఉన్నాయని వాటి ముక్కులను బట్టి ఊహించుకోవాలి.

రెండోది కాటన్ మ్యాట్ కాగితం మీద, ప్రధానంగా నలుపు, బూడిద పిగ్మెంటు ఇంకులతో వేసినది. కార్బన్ ఇంకుకు సహజంగానే కొంచెం గోధుమ ఛాయ ఉంటుంది కాబట్టి ఇది కూడా పూర్తిగా చల్లని ప్రింటు కాదు. కానీ ఇక్కడ వెచ్చదనం నీడల్లో, గుర్రపుడెక్క ఆకుల్లో, దోనె అంచులో ఉంది. మంచు కాగితం తెలుపుకు దగ్గరగా ఉంది. పక్షి రెక్క మంచుకు ఒక్క మెట్టు కింద నిలిచింది. నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత లేకపోయినా రెండూ వేరని కంటికి తెలుస్తోంది.

ఇంతవరకు చెప్పింది కంటికి కనిపించేది. ఇక అర్థం సంగతి. సెపియా 'ఒకప్పుడు' అంటుంది. చూసేవారు ఆ మాటను వెంటనే అందుకుంటారు. కానీ ఈ ఫోటోలో ఉన్నది ఒకప్పటి కొల్లేరు కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించింది. ఆ కాంటూరు ఎక్కడ ఉండాలి, లోపల ఎవరు బతకాలి, పక్షికి ఎంత నీరు, మనిషికి ఎంత నేల అన్న వాదన తరువాత కూడా ఆగలేదు. దోనె మీది మనిషి ఆ వాదనలో ఉన్నవాడు. సెపియా అతణ్ణి ఆ వాదనలోంచి తీసి ఆల్బంలో పెట్టేస్తుంది. నడుస్తున్న తగాదాను తీపి జ్ఞాపకంగా మార్చేస్తుంది. ఇది సౌందర్య లోపం మాత్రమే కాదు, నిజానికి సంబంధించిన లోపం కూడా.

సెపియా ఎప్పుడూ తప్పేనా అని మీరు అడగవచ్చు. కాదు. ఫోటోగ్రాఫర్‌కు పోగొట్టుకున్న బాధ ఉండవచ్చు, అది నిజమైన బాధే కావచ్చు. కానీ ఆ బాధను మంచులో సన్నగిల్లిపోతున్న బూడిద మెట్లే చెప్పగలవు. రెండో ప్రింటు ఆ పని చేసింది. మొదటిది ఆ పనిని ఒక మీటకు అప్పగించింది.

4. క్యాలిబ్రేషన్: ప్రింటులోని కాంటూర్లు

రెండో ప్రింటులో పక్షి మంచు నుంచి విడిపడటం అదృష్టవశాత్తూ జరగలేదు. దాని వెనుక క్యాలిబ్రేషన్ ఉంది. దీన్ని మీ ప్రాంతపు మాటతోనే అర్థం చేసుకోండి. కొల్లేరులో నీటిమట్టాన్ని కాంటూర్లతో చెబుతారు. ఒక్కో కాంటూరుకూ మధ్య ఎత్తు సమంగా ఉంటేనే ఆ కొలతకు అర్థం. నలుపు-తెలుపు ప్రింటులోనూ తెలుపు నుంచి నలుపు దాకా అలాంటి మెట్లే ఉంటాయి. 0 నుంచి 100 శాతం దాకా 5 శాతం తేడాతో వేస్తే 21 గళ్ళ పట్టీ వస్తుంది. ఫైలులో ఆ మెట్లు సమానం. కాగితం మీద సమానంగా రావు. ఒక కాగితం ఇంకును ఎక్కువగా పీల్చుకుంటుంది, ఇంకొకటి పైపొరలోనే నిలుపుకుంటుంది. అందుకే ఒక కాగితం మీద 80 దాటాక మెట్లన్నీ కలిసిపోతాయి. మరో కాగితం మీద 5, 10 శాతం గళ్ళు కనిపించనే కనిపించవు.

క్యాలిబ్రేషన్ అంటే ఈ మెట్లను ఆ కాగితం మీద మళ్ళీ సమం చేయడం. పద్ధతి ఇది:

(అ) 21 గళ్ళ పట్టీని ఆ కాగితం మీద, ఆ ఇంకుతో వేయాలి.
(ఆ) పూర్తిగా ఆరనివ్వాలి. కనీసం ఒక రోజు ఆగడం మంచిది. వానాకాలంలో గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా ఆలస్యం కావచ్చు. వాడని కాగితాన్ని ప్యాకెట్టులోనే మూసి ఉంచాలి.
(ఇ) ప్రతి గడినీ స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలవాలి. పరికరం లేకపోతే ఏ గళ్ళు కలిసిపోయాయో పగటి వెలుగులో కంటితో చూసి రాసుకోవాలి.
(ఈ) ఆ కొలతలను బట్టి ఇంకు మోతాదును సరిచేసే వక్రరేఖ తయారుచేసి, పట్టీని మళ్ళీ వేసి చూడాలి.

కొలిచే పరికరం మూడు సంఖ్యలు ఇస్తుంది. ఎల్ అనేది వెలుగు: 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. ఏ అనేది ప్లస్ అయితే ఎరుపు వైపు, మైనస్ అయితే ఆకుపచ్చ వైపు. బి అనేది ప్లస్ అయితే పసుపు వైపు, మైనస్ అయితే నీలం వైపు. ఏ, బి రెండూ సున్నాకు దగ్గరగా ఉంటే తటస్థమైన బూడిద. సమంగా సాగే వెచ్చని టోన్‌లో బి కొద్దిగా ప్లస్‌లో ఉండి మెట్టు మెట్టుకూ నెమ్మదిగా మారుతుంది. క్యాలిబ్రేషన్ లేని ప్రింటులో లేత మెట్టు ఎర్రగా, నడిమి మెట్టు ఆకుపచ్చగా, చివరి మెట్టు నీలంగా ఉండవచ్చు. ఆ గంతులు కనిపిస్తే అక్కడ ఎవరూ నిర్ణయం తీసుకోలేదని అర్థం.

కాగితం తెలుపును కూడా చూడాలి. మామూలు ఫోటో కాగితాల్లో చాలావాటికి మెరుపు కోసం ఆప్టికల్ బ్రైటనర్లు కలుపుతారు. అవి అతినీలలోహిత కిరణాలను నీలపు వెలుగుగా మార్చి కాగితాన్ని మరింత తెల్లగా చూపిస్తాయి. కాలక్రమంలో వాటి శక్తి తగ్గి కాగితం పసుపు వైపు తిరుగుతుంది. అలాంటి కాగితం మీద ఎంతో జాగ్రత్తగా సరిచేసిన టోన్ కూడా కొన్నేళ్ళకు మారిపోతుంది.

5. తాడేపల్లిగూడెం రన్‌వే: తప్పు కాగితానిదా?

రెండో ఫోటోలో తాడేపల్లిగూడెం దగ్గర రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన పాత రన్‌వే ఉంది. మిట్టమధ్యాహ్నం తీసినది. పగుళ్ళలోంచి గడ్డి మొలిచిన కాంక్రీటు ఫోటోలో మూడు వంతులు ఆక్రమించింది. పైన సన్నగా చెట్ల నీడ.

దీన్ని మ్యాట్ కాగితం మీద వేశారు. చెట్ల నీడ ఒకే నల్లటి ముద్దగా వచ్చింది. ఆ ప్రింటు చూసి ఒక విద్యార్థి 'మ్యాట్ కాగితం మీద నలుపు రాదు, గ్లాసీ మీద వేయవలసింది' అని రాశారనుకోండి. ఈ వాక్యంలో ఒక నిజం ఉంది, ఒక పొరపాటూ ఉంది.

నిజం ఏమిటంటే మ్యాట్ నలుపుకు హద్దు ఉంది. మంచి మ్యాట్ కాగితం మీద గరిష్ఠ సాంద్రత సుమారు 1.6 దగ్గర ఆగుతుంది, అంటే ఎల్ విలువ 18 ప్రాంతంలో. మంచి బరైటా కాగితం మీద అది 2.3 దాకా వెళ్ళవచ్చు, ఎల్ విలువ 5 లోపుకు దిగుతుంది. కళ్ళకు ఇది పెద్ద తేడానే.

పొరపాటు ఏమిటంటే ముద్దకు కారణం ఆ హద్దు కాదు. నలుపు లోతు తక్కువైనా, ఆ లోతు లోపల మెట్లు సమంగా ఉంటే నీడలో ఆకులు కనిపిస్తాయి. ఇక్కడ 85 శాతం దాటిన మెట్లన్నీ ఒకటైపోయాయి. అది వక్రరేఖ లోపం. మ్యాట్ కాగితానికి మ్యాట్ నలుపు ఇంకు కాకుండా గ్లాసీకి వాడే ఫోటో నలుపు వాడినా నలుపు పలచబడుతుంది. ఇవన్నీ సరిచేసి అదే కాగితం మీద మళ్ళీ వేస్తే, నలుపు అంతే లోతులో ఉన్నా చెట్టు చెట్టులా కనిపిస్తుంది.

అసలు ఈ ఫోటోకు మ్యాట్ ఎంపిక సరైనదే. ఇందులో ముఖ్యమైనది ఎండకు మాడిన కాంక్రీటు గరుకుతనం, నడిమి బూడిద మెట్లు. మెరిసే కాగితం ఆ గరుకుతనం మీద ఒక తళుకు పొర కప్పేది. కాబట్టి విమర్శ ఇలా ఉండాలి: 'కాగితం ఎంపిక విషయానికి తగినది. నీడల్లో మెట్లు కలిసిపోవడం క్యాలిబ్రేషన్ లోపం.' ఒక్క వాక్యం తేడా. మొదటి మాట విన్న ఫోటోగ్రాఫర్ కాగితం మార్చి మరో తప్పు చేస్తారు. రెండో మాట విన్నవారు తప్పు దిద్దుకుంటారు.

6. ఏలూరు ఇంటి గోడ: టోన్ మారిపోతే

ఇప్పటిదాకా ప్రదర్శన ప్రింట్ల గురించి మాట్లాడుకున్నాం. మన ఊళ్ళలో నలుపు-తెలుపు ప్రింట్లు ఎక్కువగా ఉండేది ప్రదర్శనశాలల్లో కాదు. ఇళ్ళలో, దండ వేసిన ఫ్రేముల్లో. విమర్శ అక్కడికీ వెళ్ళాలి.

ఏలూరులో ఒక ఇంటిని తలచుకోండి. నాయనమ్మకు మిగిలిన ఫోటో ఒక్కటే, అరచేతిలో పట్టే పాత వెండి ప్రింటు. ఆమె పోయాక దాన్ని స్కాన్ చేయించి, పెద్దది చేయించి, కిటికీకి ఎదురుగా హాల్లో పెట్టారు. మొదట్లో ఎంతో బాగుంది. నాలుగైదేళ్ళు గడిచాక మనవరాలు అడిగింది: 'నాయనమ్మ మొహం ఎందుకు ఆకుపచ్చగా ఉంది?'

జరిగిందేమిటో మీరిప్పుడు చెప్పగలరు. చిన్న స్టూడియోలలో ఎక్కువగా కనిపించే ఆరు రంగుల ఇంకు ట్యాంకు ప్రింటర్లలో నలుపు ఇంకు ఒక్కటే ఉంటుంది. మిగిలిన అయిదు సయాన్, మెజెంటా, పసుపు, లేత సయాన్, లేత మెజెంటా. బూడిద ఇంకు లేదు. ముఖం మీది సున్నితమైన బూడిద ఛాయలు చాలావరకు రంగులు కలిపి తయారైనవే. పైగా ఆ ఇంకులు డై రకానివి, వెలుగుకు పిగ్మెంటు కంటే త్వరగా లొంగుతాయి. మెజెంటా తగ్గితే బూడిద ఆకుపచ్చ వైపు జరుగుతుంది. సయాన్ తగ్గితే ఎరుపు వైపు జరుగుతుంది. నలుపు చీర అంచు మారకుండా ఉండి, ముఖం మాత్రం మారడానికి కారణం ఇదే. అల్మారాలో ఉన్న పాత వెండి ప్రింటు ఇంకా నల్లగానే ఉంది.

స్టూడియో వారిని తప్పుపట్టడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఇచ్చిన ధరకు ఇచ్చిన ప్రింటు అది. కానీ ఆ ఇంటివారికి పోయింది ఒక కాగితం కాదు. మనవరాలు నాయనమ్మను ఎప్పుడూ చూడలేదు. ఆమెకు తెలిసిన ముఖం గోడ మీది ముఖమే. ఆ ముఖం రంగు మారితే ఆమెకున్న నాయనమ్మే మారుతుంది.

కనుక ఇలాంటి ప్రింటును చూసే విమర్శకుడు అడగవలసినవి నాలుగు. బూడిద ఛాయలు నలుపు ఇంకులతో వచ్చాయా, రంగుల కలయికతో వచ్చాయా? ఇంకు పిగ్మెంటా, డైయా? అద్దానికీ ప్రింటుకూ మధ్య మౌంటుతో ఖాళీ ఉంచారా, లేక తేమకు ప్రింటు అద్దానికి అంటుకుపోయేలా బిగించారా? పాత ప్రింటునూ, స్కాన్ ఫైలునూ భద్రం చేశారా? ఇంటివారు ఎవరైనా మీ సలహా అడిగితే ముందు ఈ చివరి మాట చెప్పండి. పెద్ద ప్రింటు వచ్చిందని పాతదాన్ని పారేయకూడదు.

7. విమర్శ రాసేటప్పుడు

ప్రింటును రెండు వెలుగుల్లో చూడండి: పగటి వెలుగులో, ఇంటి దీపం కింద. రెండు చోట్లా ఛాయ బాగా మారిపోతే బూడిదలో రంగు ఇంకుల పాలు ఎక్కువని అనుమానించవచ్చు. తరువాత అతి లేత భాగం, అతి ముదురు భాగం చూడండి. వివరం ఉండవలసిన చోట ఉందా? ప్రింటును పక్కకు వంచి చూడండి. నలుపు మీద రాగి రంగు మెరుపు తేలితే అది ఇంకుకూ కాగితానికీ పొసగలేదన్న గుర్తు.

ఇవన్నీ చూశాక ఫోటో విషయానికి రండి. టోన్ ఆ విషయంతో ఏం మాట్లాడుతోంది? దానికి సాయపడుతోందా, దాని మీద ముసుగు వేస్తోందా? సాంకేతిక పరిశీలన ఒక్కటే రాస్తే అది పరీక్షా నివేదిక అవుతుంది. అర్థం ఒక్కటే రాస్తే అది అభిప్రాయం అవుతుంది. ఒకదాన్ని కారణంగా, రెండోదాన్ని ఫలితంగా కలిపి చెప్పినప్పుడే అది విమర్శ.

సారాంశం

డార్క్‌రూమ్‌లో టోనింగ్ ఫోటోకు రంగుతోపాటు ఆయుష్షునూ ఇచ్చేది. ఇంక్‌జెట్‌లో రంగు ఇంకులతో చేసే టోనింగ్ ఆయుష్షును తగ్గిస్తుంది. అందువల్ల టోన్ ఒక కారణం ఉన్న నిర్ణయం కావాలి. కొల్లేరు ప్రింటులో సెపియా పక్షులను మంచులో ముంచి, బతికి ఉన్న సమస్యను గతంగా చూపింది. తాడేపల్లిగూడెం ప్రింటులో లోపం కాగితానిది కాదు, క్యాలిబ్రేషన్‌ది. ఏలూరు ప్రింటులో ఎవరూ కోరని టోన్ కొన్నేళ్ళ తరువాత వచ్చి ఒక ముఖాన్ని మార్చింది. ప్రతి కాగితానికీ, ప్రతి ఇంకుకూ మెట్లను విడిగా సరిచేయాలి.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. డార్క్‌రూమ్ టోనింగ్‌కూ ఇంక్‌జెట్ టోనింగ్‌కూ మన్నిక విషయంలో ఉన్న తేడాను వివరించండి.
2. కాగితం పరిమితినీ క్యాలిబ్రేషన్ లోపాన్నీ ఎలా వేరుచేస్తారు? ఉదాహరణతో రాయండి.

II. ఈ కింది ప్రశ్నకు 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. మీ ఇంట్లోనో బంధువుల ఇంట్లోనో గోడ మీద ఉన్న ఒక నలుపు-తెలుపు ప్రింటును రెండు వెలుగుల్లో పరిశీలించి, దాని టోన్ మీద విమర్శ రాయండి. ఆ ఫోటోలో ఉన్నవారు ఎవరో తెలిసినవారిని ముందు అడగండి. ఆ తరువాతే రాయడం మొదలుపెట్టండి.